ఆశ తగ్గించుకుంటే అభిమానం తగ్గినట్టా?

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో చదివే మన పిల్లల్లో చాలామంది కాలేజీ ఫుట్‌బాల్‌కి (అమెరికన్ ఫుట్‌బాల్, మన సాకర్ కాదు) అలవాటు పడిపోయారు, అందుకే ఈ ఉత్తరం. జట్టు ఓడుతుంటే ఆశ తగ్గించుకునేవాళ్లని అవకాశవాదులు అనడం నాకు అస్సలు నచ్చదు.

ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ జట్టునే తీసుకోండి. 2023లో తన కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీ జట్ల లీగ్) టైటిల్‌తో సహా 13 మ్యాచ్‌లూ గెలిచింది, అయినా జట్టు దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ జోర్డాన్ ట్రావిస్ గాయపడ్డాక సెలక్షన్ కమిటీ జాతీయ ఛాంపియన్‌ని తేల్చే నాలుగు జట్ల ప్లేఆఫ్‌లోకి తీసుకోలేదు. ఆ కోపంతో, ఈసారి చూపిస్తామనే పట్టుదలతో అభిమానులు 2024 సీజన్‌లోకి వెళ్లారు, సీజన్‌కి ముందు దేశంలో జట్టు ర్యాంకు కూడా 10. డబ్లిన్‌లో జార్జియా టెక్ చేతిలో 24-21తో ఓడితే ఒక్క మ్యాచే కదా అనుకున్నారు, బోస్టన్ కాలేజ్ కూడా ఓడించేసరికి ప్లేఆఫ్ మాట మానేసి కనీసం బౌల్ గేమ్‌కి (సీజన్ చివర్లో బాగా ఆడిన జట్లకి దొరికే అదనపు మ్యాచ్) కావలసిన ఆరు గెలుపులు చాలన్నారు, చివరికి అదీ లేదు, 2-10తో, అంటే రెండు గెలుపులు, పది ఓటములతో సీజన్ ముగిసింది. ఇంత జరిగినా స్టేడియానికి వచ్చినవాళ్లున్నారు. వాళ్లు ఆశ మార్చుకున్నారు, జట్టుని కాదు!

2025 తొలి మ్యాచ్‌లో అలబామాని 31-17తో ఓడించగానే ఆశలు మళ్లీ ఆకాశానికి ఎక్కాయి, సీజన్ మాత్రం 5-7తోనే ఆగింది. అది కూడా సహజమే. నాకు బాధ కలిగించేది ఒక్కటే, ఓడినప్పుడల్లా ఇరవై ఏళ్లు కూడా నిండని ఆటగాళ్లకి బూతు మెసేజ్‌లు పెట్టడం. దీని గురించి మీ క్రీడల పేజీలో తప్పకుండా రాయండి, ఇక్కడి మన పిల్లలూ చదువుతారు.

— ఒక పాఠకుడు, ఫ్లోరిడా