వంటింట్లో కెమెరా పెట్టే ముందు ఆమెను అడిగామా?

సంపాదకులకు నమస్కారం.

నేను హనుమకొండలో ఉంటున్న రిటైర్డ్ టీచర్ని. కిందటేడు బాత్రూమ్ దగ్గర కాలు జారి పడ్డాను. అప్పటి నుంచి డాలస్‌లో ఉన్న మా అబ్బాయికి ఒకటే టెన్షన్. సంక్రాంతికి వచ్చినప్పుడు హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి వైఫై కెమెరాలు బిగించి వెళ్లాడు. నా మీద ప్రేమతోనే పెట్టాడు, కాదనను.

మా ఇంట్లో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న ఆమె సంగతి మాత్రం ఇద్దరికీ తట్టలేదు. ఒకరోజు ఆమె గిన్నెలు తోముతుంటే గోడ మీది కెమెరాలోంచి "ఆ నల్లా కట్టెయ్" అని మా వాడి గొంతు! చేతిలోని గిన్నె జారి పడింది. "చిన్నసారు ఎప్పుడూ చూస్తనే ఉంటడా టీచరమ్మా?" అనడిగింది. ఏం చెప్పను? అంతకుముందు నా పక్కన పీట వేసుకుని టీ తాగుతూ బిడ్డ చదువు ముచ్చట్లు చెప్పేది. ఆ రోజు నుంచి గ్లాసు పట్టుకుని బాల్కనీలోకి పోయి, గోడవైపు తిరిగి తాగడం మొదలుపెట్టింది.

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో డేటా రక్షణ చట్టం చేశారు. కానీ ఎవరైనా సొంత, ఇంటి అవసరాలకు వాడుకునే డేటాకు అది వర్తించదట. నాకు ఇల్లయినా, ఆమెకు అది పనిచేసే చోటు కదా! పైగా ఆ వీడియోలు మా వాడొక్కడే చూస్తాడన్న భరోసా ఏముంది? రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆస్పత్రి సీసీ కెమెరాల్లోని ఆడవాళ్ల వీడియోలు నెట్‌లో అమ్ముకున్న సంగతి 2025 ఫిబ్రవరిలో బయటపడింది. అది చదివాక మా కెమెరా పాస్‌వర్డ్ చూస్తే, కంపెనీ ఇచ్చిందే ఇంకా ఉంది.

ఇంటిపని చేసేవాళ్లకు ప్రత్యేక చట్టం సంగతి పరిశీలించమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. ఆ చట్టంలో కెమెరాల మాట తప్పక ఉండాలి. ఎక్కడ పెట్టారో, ఎవరు చూస్తారో, మాటలు కూడా రికార్డవుతాయో లేదో పనిలో చేరేముందే చెప్పాలి. వద్దంటే పని పోకూడదు. అపార్ట్‌మెంట్ సంఘాలు చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు, రేపే ఈ నియమం పెట్టుకోవచ్చు.

వంటింటి కెమెరా నేనే తీయించాను. మా వాడు మొదట గునిసినా ఒప్పుకున్నాడు. హాల్లోది ఉంచాలా తీసేయాలా అని ఆమెనే అడిగాను. "ఉండనీయండి అమ్మా, మీరు మళ్ల పడితే ఎవలకన్న తెల్వాలె గద" అంది.

- ఒక రిటైర్డ్ ఉపాధ్యాయిని, హనుమకొండ