హాజరు పడిపోయిన పిల్లల్ని ముందు పలకరించండి

సంపాదకుడు గారికి నమస్కారం.

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల కాలేజీల్లో ఒక్క పని మాత్రం పక్కాగా జరుగుతోంది. హాజరు 75 శాతం కిందికి పోగానే ఇంటికి మెసేజ్ వచ్చేస్తుంది. ఆ తర్వాత తగ్గిన హాజరుని మన్నించడానికి కండోనేషన్ ఫీజు, 65 కూడా లేకపోతే డిటైన్, అంటే పై సెమిస్టర్‌కి పంపకుండా ఆపేయడం. ఈ మధ్యలో ఏమైందిరా అని అడిగే నాథుడే లేడు.

మా తమ్ముడి కొడుకు ఇంజినీరింగ్ రెండో ఏడు. ఇంటర్లో తెల్లవారకముందే లేపి రాత్రి పది దాకా స్టడీ అవర్లలో కూర్చోబెట్టిన పిల్లాడు, ఇప్పుడు పదకొండైనా హాస్టల్ మంచం దిగడు, రికార్డులు రాయడు, స్నానం కూడా రోజు విడిచి రోజు. అంతా ఫోన్ వల్లే అన్నారు ఇంట్లో (ఫోనూ ఉంది, కాదనను). రక్తపరీక్ష చేయిస్తే బీ12 బాగా తక్కువని తేలింది. ఇంజెక్షన్లతో ఒంట్లో కాస్త ఓపిక వచ్చింది గానీ మనసు చదువు మీదికి రాలేదు, ఆ బ్రాంచి వాడు ఇష్టపడి తీసుకున్నది కాదట.

వాళ్ల కాలేజీలో మెంటార్ ఉన్నారు. ఇంటర్నల్ మార్కులు వేసేదీ ఆయనే! మార్కులేసే సారు ఎదురుగా కూర్చుని "నాకేం చేయబుద్ధి కావట్లేదు సార్" అని ఏ పిల్లాడు చెప్తాడండీ?

విశాఖలో నీట్‌కి చదువుతున్న అమ్మాయి మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత ఉన్న కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో కనీసం ఒకర్ని పెట్టుకోవాలని చెప్పింది. కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ వాళ్లు వచ్చిన రోజు తెరిచి మర్నాడు తాళం వేసే గదితో ఆ మాట చెల్లదు. కౌన్సెలర్‌కి మార్కులతో, క్రమశిక్షణ కమిటీతో సంబంధం ఉండకూడదు. హాజరు 90 నుంచి 80కి జారినప్పుడే పిలవాలి, అదీ తల్లిదండ్రుల కన్నా ముందు పిల్లాణ్ని. డిస్పెన్సరీలో హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూడటం పెద్ద ఖర్చేం కాదు. బ్యాక్‌లాగ్స్ పేరుకుపోయినవాళ్లకి ఒక సెమిస్టర్ తక్కువ సబ్జెక్టులతో నడవనివ్వాలి. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే ఏ వేళైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు, ఆ నంబరు ఐడీ కార్డు వెనక వేయించడానికి ఎవరి అనుమతి కావాలి?

నాగార్జున యూనివర్సిటీ, కాకినాడ జేఎన్టీయూ తమ అనుబంధ కాలేజీల్లో కౌన్సెలర్ ఎక్కడ ఉన్నారో, వాళ్ల అర్హత ఏమిటో అడిగి జాబితా వెబ్‌సైట్‌లో పెట్టాలి. వచ్చే అడ్మిషన్లప్పుడు ప్లేస్‌మెంట్లతో పాటు మేం అదీ చూసుకుంటాం.

– ఒక రిటైర్డ్ లెక్చరర్, బ్రాడీపేట, గుంటూరు