టైఫూన్ల లెక్క నేల మీద చూడాలి

సంపాదకునికి,

రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ టైఫూన్ విమానాల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. 1944 ఆగస్టు 7న నార్మండీలోని మోర్టేన్ దగ్గర జర్మన్ ట్యాంకుల మీద జరిగిన రాకెట్ల దాడిని కళ్లకు కట్టినట్టు రాశారు. అయితే వ్యాసమంతా విమానం ముక్కు కిందికి వంచిన దగ్గర్నుంచి మళ్లీ పైకి లేపేదాకానే ఉంది. ఆ పని అంతా కలిపితే పట్టుమని అర నిమిషం ఉండదు. ఆ రోజు టైఫూన్లు 294 సార్లు ఎగిరాయని మీరే రాశారు. పొద్దున్నంతా పొగమంచు, మధ్యాహ్నానికి గానీ విడవలేదు. మిగిలిన పూటలో అన్నిసార్లు ఎగరడం ఎలా కుదిరిందో మాత్రం రాయలేదు. అసలు కథ అక్కడే ఉంది.

ఒక టైఫూన్ స్క్వాడ్రన్ (విమాన దళం) ఒక్కో దాడికి మామూలుగా ఎనిమిది విమానాలు పంపేది, పని చిన్నదైతే నాలుగు. ఒక్కో దానికి రెక్కల కింద ఎనిమిది రాకెట్లు, రెక్కల్లో నాలుగు 20 మి.మీ. హిస్పానో తుపాకులు, తుపాకీకి 140 గుండ్లు. అంటే ఎనిమిది విమానాల్ని ఒక్కసారి పంపాలంటే 64 రాకెట్లు ఎక్కించాలి, 4,480 గుండ్లు బెల్టుల్లో సర్ది పెట్టెల్లో నింపాలి. సాయంత్రంలోగా మూడుసార్లు పంపితే ఈ లెక్క మూడింతలు. నాలుగు తుపాకులూ ఆపకుండా పేలిస్తే పద్నాలుగు సెకన్లలో పెట్టెలు ఖాళీ. నింపడానికి పట్టే సమయంతో దానికి పోలికే లేదు. గుండ్ల వరసలో ఒక్కటి కాస్త ముందుకో వెనక్కో జరిగి ఉన్నా తుపాకీ మధ్యలో బిగుసుకుంటుంది. ఒక వైపు తుపాకులు ఆగిపోయి రెండోవైపువి పేలుతుంటే ఆ దెబ్బకు విమానం ముక్కు పక్కకు లాగుతుంది, గురి పోతుంది. అందుకే బెల్టును ఆర్మరర్లు, అంటే ఆయుధాలు ఎక్కించే సిబ్బంది, కళ్లతో కాదు, వేళ్లతో తడిమి చూసుకోవాలి.

పెట్రోలు సంగతి. టైఫూన్ లోపలి ట్యాంకులన్నీ కలిపి 154 గ్యాలన్లు. నార్మండీలో దిగిన మొదటి రోజుల్లో పెట్రోలు లారీలు అందక జెర్రీక్యాన్లతోనే (చేత్తో మోసే పెట్రోలు డబ్బాలు) పోశారు. పూర్తిగా ఖాళీ అయిన విమానం నింపాలంటే సుమారు 35 క్యాన్లు రెక్క మీదికి ఎక్కించాలి. ప్రతి క్యాన్‌నూ మెత్తటి తోలు పరిచిన గరాటులోంచే పోయాలి. ఆ తోలు పెట్రోలును వదిలి నీళ్లను ఆపుతుంది. తొందరలో గరాటు పక్కన పెట్టి నేరుగా పోస్తే మిగిలిన ముప్ఫయ్యి నాలుగు క్యాన్లూ సరిగ్గా పోసిన ఫలితం ఉండదు. అడుగున చేరిన నీళ్లు టేకాఫ్‌లో ఇంజిన్‌కు అందితే అంతే సంగతులు.

ఇక ఇంజిన్. నేపియర్ సేబర్‌లో 24 సిలిండర్లు, రెండు వేల హార్స్‌పవర్‌కు పైగా శక్తి. మామూలు ఇంజిన్లలో వాల్వులు పైకీ కిందికీ ఆడతాయి. ఇందులో పిస్టన్‌కూ సిలిండర్ గోడకూ మధ్య పలచటి లోహపు తొడుగు కదులుతూ, దానికున్న రంధ్రాలతోనే గాలినీ పొగనూ వదులుతుంది. అద్భుతమైన యంత్రమే, కాని నోరు పెట్టి అడిగి మరీ పని చేయించుకుంటుంది. స్టార్ట్ చేయడానికి తూటా లాంటి కాఫ్‌మన్ కార్ట్‌రిడ్జ్ పేల్చాలి. అలాంటివి స్టార్టర్‌లో ఐదు. దానికి ముందు చేతి పంపుతో ఇంజిన్‌లోకి పెట్రోలు కొట్టేటప్పుడు చెయ్యి కాస్త ఎక్కువైతే అది గాలి గొట్టంలో చేరి మంటలు లేస్తాయి. తక్కువైతే ఇంజిన్ అందుకోదు, ఒక కార్ట్‌రిడ్జ్ దండగ. మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తే పెట్రోలు తొడుగుల మీది నూనె పొరను కడిగేస్తుంది, అది ఇంకా ప్రమాదం. అందుకని స్టార్ట్ చేసే ప్రతిసారీ ఒక మనిషి మంటలార్పే సిలిండర్ పట్టుకుని ముక్కు పక్కన కాచుకుని ఉండేవాడు. పైలట్ కూడా ఇంజిన్ స్టార్ట్ చేయకముందే ఆక్సిజన్ మాస్క్ తగిలించుకోవాలి. ఎత్తులో గాలి చాలదని కాదు, కాక్‌పిట్‌లోకి కార్బన్ మోనాక్సైడ్ చొరబడుతుందని. ఆ లోపం ఎన్ని మార్పులు చేసినా పూర్తిగా పోలేదు.

నార్మండీ దుమ్ము గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్కా లేకపోవడం నాకు అన్నిటికంటే లోటు అనిపించింది. కూలోంబ్, లె ఫ్రెన్ కామిల్లీ లాంటి ఊళ్ల పొలాలను బుల్డోజర్లతో చదును చేసి రన్‌వేలు వేశారు. జూన్ ఎండకు ఆ మట్టి ఆరి పిండిలా లేచింది. రెండు విమానాలు పక్కపక్కనే లేస్తే వెనకున్న జంటకు ముందు రన్‌వే కనపడదు. పైగా టైఫూన్ టేకాఫ్‌లో గట్టిగా కుడివైపు గుంజుతుంది కాబట్టి కనపడకుండా బయల్దేరడం చావుతో చెలగాటమే. అంతకంటే పెద్ద నష్టం లోపల జరిగింది. ఆ దుమ్ము గట్టి రేణువులతో కూడింది. తొడుగుకూ గోడకూ మధ్య చేరి రెండింటినీ గరగరా అరగదీసింది. ఇంజిన్ నూనె తాగడం మొదలుపెట్టేది, ఆ తర్వాత మార్చడమే గతి. హడావుడిగా గాలి గొట్టానికి ఫిల్టర్ చేయించి బిగించారు. అదీ మొదట కుదరలేదు. స్టార్ట్ చేసేటప్పుడు ఇంజిన్ ఎదురు పేలితే ఆ పేలుడుకు ఫిల్టర్ ఊడి ఎగిరిపోయేది. చివరికి, ఎదురు పేలుడు తగిలితే వాటంతటవే తెరుచుకునే చిన్న తలుపులు పెట్టాక గాని ఆ తలనొప్పి తీరలేదు. ఏ పతకానికీ ఎక్కని ఈ చిన్న తలుపుల వల్ల ఎన్ని విమానాలు మర్నాటి జాబితాలో నిలిచాయో ఆలోచించండి.

ఇన్ని పనులు చేసినవాళ్లంతా సంతకం పెట్టాలి. ఇంజిన్ ఫిట్టర్, విమానం ఒళ్లు చూసే రిగ్గర్, ఆర్మరర్, ఎలక్ట్రీషియన్, వైర్‌లెస్ మెకానిక్ ఎవరి పని వాళ్లు చూసుకుని, ఆ విమానం పనుల చిట్టా అయిన ఫారం 700లో సంతకం చేశాకే పైలట్ చివర తన సంతకం పెట్టి విమానం తీసుకునేవాడు. కుర్రాళ్లు దీన్ని కాగితాల గొడవ అనుకుంటారేమో. విమానం తిరిగి రాకపోతే మొదట తెరిచేది ఆ ఫారమే.

గాల్లో జరిగేది క్లుప్తంగా చెప్తాను. ముందు వరసలోని సైన్యం దగ్గర వైర్‌లెస్‌తో ఒక కంట్రోలర్ ఉంటాడు. టైఫూన్లు పైన చక్కర్లు కొడుతూ అతని పిలుపు కోసం కాచుకుంటాయి. స్టాండులో టాక్సీల్లా నిలబడతాయి కాబట్టి ఆ పద్ధతికి క్యాబ్ ర్యాంక్ అన్న పేరే వచ్చింది. కంట్రోలర్ దగ్గరా పైలట్ మోకాలి మీదా ఒకే గళ్ల మ్యాపు ఉంటుంది. ఫిరంగులు లక్ష్యం మీద రంగు పొగ గుండు వేస్తాయి. సొంత సైన్యానికి హద్దుగా మ్యాపు మీద గీసిన బాంబ్ లైన్‌కు ఇవతల కనిపించింది ఏదైనా, కింది నుంచి అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. ఆ గీత సాయంత్రానికి మైళ్లు జరిగిపోయేది. అందుకే ప్రతి దాడికీ ముందు సైన్యం తరఫు అధికారి దాన్ని కొత్తగా గీసి చూపించేవాడు. పాత గీతతో ఎగిరితే కొట్టేది సొంతవాళ్లనే.

రాకెట్ గురి తప్పదన్నట్టు రాసిన వ్యాసకర్తతో మాత్రం నేను విభేదిస్తున్నాను. తుపాకీ గుండులా అది సూటిగా పోదు. బరువెక్కువ, వేగం తక్కువ, దారిలో బాగా కిందికి జారుతుంది. దూరం అంచనా తప్పితే ట్యాంకుకు ముందో వెనకో పడుతుంది. వదిలే క్షణంలో విమానం కొంచెం పక్కకు జారుతూ ఉంటే రాకెట్ గాలి వచ్చే దిక్కుకు మూతి తిప్పుకుంటుంది. కదలని ఒక జర్మన్ పాంథర్ ట్యాంకును బయలు ప్రదేశంలో నిలబెట్టి పరీక్షగా 64 రాకెట్లు వేస్తే తగిలినవి మూడు. అప్పుడు కింది నుంచి కాల్చేవాళ్లెవరూ లేరు. మోర్టేన్ పోరు ముగిశాక బ్రిటిష్, అమెరికన్ పైలట్లు కలిసి నాశనమయ్యాయనీ, దెబ్బతిన్నాయనీ చెప్పిన ట్యాంకులు 252. తర్వాత పరిశోధక బృందం పొలాల్లో తిరిగి లెక్కపెడితే దొరికిన ట్యాంకులూ స్వయంచలిత ఫిరంగులూ 46, వాటిలో విమానాల దెబ్బకు పోయాయని తేలినవి 9. పైలట్లు అబద్ధమాడారని కాదు. గంటకు మూడు నాలుగు వందల మైళ్ల వేగంతో పొగలోంచి పైకి లేస్తూ వెనక్కి తిరిగి చూస్తే ప్రతి పేలుడూ ట్యాంకులాగే కనిపిస్తుంది. తొమ్మిదే అయినా జర్మన్ల దాడి ఆగిందన్నది నిజం. పెట్రోలు లారీలు, గుండ్ల బండ్లు తగలబడ్డాయి. సిబ్బంది దిగి చెట్ల కిందికి పరుగెత్తారు. పగలు రోడ్డెక్కడానికే జంకారు. ఆ జంకు ఒక్కసారి వచ్చి పోయిన విమానంతో పుట్టదు. ఒకటి పోగానే ఇంకొకటి నెత్తిమీదికి రావాలి. అందుకే 294 అన్న అంకెను ట్యాంకుల లెక్క కంటే పైన పెట్టాలంటున్నాను.

చివరగా వ్యాసంతో వేసిన బొమ్మ మీద ఒక సవరణ. చెట్ల కింద ఆపిన విమానం రెక్క ముందు ఇద్దరు మనుషులు కూర్చుని ఉన్నట్టు, వాళ్ల తలల పైన రాకెట్ల తోకల నుంచి తీగలు రెక్కలోని ప్లగ్గుల్లోకి గుచ్చి ఉన్నట్టు గీశారు. పందితోకలా వేలాడే ఆ తీగ లోంచే పైలట్ బొత్తాం నొక్కగానే కరెంటు పోయి మందు అంటుకుంటుంది. కాబట్టి రాకెట్లు ముందే ఎక్కించినా తీగను మాత్రం వదిలేసేవారు. విమానం రన్‌వే చివర టేకాఫ్‌కు తిరిగి నిలబడ్డాక, ముందు ఎవరూ లేరని చూసుకుని, ఆర్మరర్ వెళ్లి గుచ్చి పక్కకు తప్పుకునేవాడు. పేలకుండా తిరిగొచ్చిన రాకెట్ ఉంటే మొదట ఊడదీసేదీ ఆ తీగనే, అదీ పక్క నుంచి వచ్చి. బొమ్మలో ఆ ఇద్దరినైనా లేపండి, తీగలనైనా ఊడదీయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు