నెదర్లాండ్స్ కాలువల పడవ ప్రయాణానికి మీరు ఇచ్చిన ప్రణాళికపై ఫిర్యాదు

రాజమహేంద్రవరం,
2 జులై 2025.

మేనేజరు గారికి,
వినియోగదారుల సేవా విభాగం,
హైదరాబాదు.

విషయం: 2025 మే 24 నుండి 30 వరకు ఫ్రీస్‌లాండ్ ప్రాంతంలో మా కుటుంబం చేసిన పడవ ప్రయాణం – ప్రణాళికలోని లోపాలు – సొమ్ము వాపసు గురించి.

అయ్యా,

మా అమ్మ, నాన్న, నా భర్త, ఇద్దరు పిల్లలు, నేను కలిసి ఆరుగురం పిల్లల వేసవి సెలవుల్లో నెదర్లాండ్స్ కాలువల మీద ఒక వారం పడవలో తిరిగిరావాలని అనుకుని, గత డిసెంబరులో మీ సంస్థను సంప్రదించాము. పడవ అద్దె మేమే అక్కడి పడవల యార్డుకు నేరుగా కట్టుకున్నాము. ఏ రోజు ఏ ఊరికి వెళ్ళాలి, ఎక్కడ పడవ కట్టుకోవాలి, ఏమేమి చూడాలి అన్నవి నిర్ణయించి, వాటికి కావలసిన బుకింగులు చేయడం మీ బాధ్యత. దానికి మీరు అడిగినంతా ముందుగానే చెల్లించాము. ఆ ప్రణాళిక మొదటి రోజునే పనికిరాకుండా పోయింది. జూన్ 9న నేను రాసిన మెయిలుకు మీరు జూన్ 18న ఇచ్చిన జవాబులో, పడవ నడపడంలో మాకు అనుభవం లేకపోవడమే ఇందుకు కారణమన్నారు. ఆ మాట నిజం కాదని ఆధారాలతో చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

మీ ప్రణాళిక ప్రకారం 24వ తేదీ శనివారం స్నేక్ పట్టణంలో పడవ ఎక్కాలి, ఆదివారం లేవార్డెన్ చూసి అదే సాయంత్రానికి స్లోటెన్ చేరాలి, సోమవారం లెమ్మర్ మీదుగా గీథోర్న్, మంగళవారం అక్కడే, బుధవారం ఐసెల్‌మేర్ సరస్సు దాటి ఆమ్‌స్టర్‌డామ్, గురువారం లిస్సెలోని కోకెన్‌హాఫ్ తులిప్ తోట, శుక్రవారం సాయంత్రానికి తిరిగి స్నేక్. యార్డులో మాకు పడవ అప్పగించిన పెద్దాయన ఈ కాగితం చదివి, ఇది కారులో వెళ్ళేవారి కోసం రాసినది కదా అని మమ్మల్నే అడిగారు. అప్పటిదాకా మాకు ఆ అనుమానమే రాలేదు. స్నేక్ నుండి లేవార్డెన్‌కు మీరు 50 నిమిషాలు వేశారు. రోడ్డు మీద అది సరిపోతుంది. నీటి దారిలో గ్రౌ మీదుగా చుట్టి వెళ్ళాలి, నాలుగు గంటలకు తక్కువ పట్టదు. అక్కడి కాలువల్లో గట్లు కోసుకుపోకుండా వేగానికి పరిమితులు పెట్టారు: ఊళ్ళలో గంటకు 6 కిలోమీటర్లు, చాలా కాలువల్లో 9, సరుకు ఓడలు తిరిగే ప్రిన్సెస్ మార్‌హ్రీట్ కాలువ వంటి పెద్దవాటిలో 12.5. ముప్పై ఏళ్ళ అనుభవమున్న సరంగు వచ్చి నడిపినా అంతకు మించి పోకూడదు. అలాంటప్పుడు ఆలస్యానికి మా అనుభవలేమి కారణమని మీరు ఎలా అనగలరు?

వంతెనల సంగతి మీ ప్రణాళికలో ఒక్క వాక్యం కూడా లేదు. ఫ్రీస్‌లాండ్‌లో పడవ ప్రయాణమంటే సగం వంతెనల లెక్కే. మా పడవ కన్నా తక్కువ ఎత్తున్న వంతెన ఎదురైతే అది పైకి లేచేదాకా ఆగాలి. ఎర్ర దీపం ఉంటే ఆగాలని, ఎరుపు ఆకుపచ్చ కలిసి వెలిగితే తెరవబోతున్నారని, ఆకుపచ్చ ఒక్కటే ఉంటే వెళ్ళవచ్చని, ఒకదాని కింద ఒకటి రెండు ఎర్ర దీపాలు వెలిగితే ఆ వంతెన ఇక పనిచేయదని యార్డు పెద్దాయనే మాకు గంటసేపు నేర్పారు. ఊళ్ళలోని కొన్ని వంతెనలను మధ్యాహ్నం 12 నుండి 1 వరకు భోజన వేళలో తెరవరు. రద్దీ రోడ్ల మీద ఉన్నవాటిని సాయంత్రం జనం ఇళ్ళకు మళ్ళే సమయంలోనూ తెరవరు. ఈ వేళలు ఎవరైనా ముందే చూసుకోగలిగేవే. ఆదివారం మేము గ్రౌ దాకా మాత్రమే వెళ్ళి, పొద్దు చాలదని వెనక్కు తిరిగాము. సోమవారం ఐల్స్ట్‌లో సరిగ్గా పన్నెండు దాటాక వంతెన ముందుకు వచ్చి, గంటసేపు పడవ కట్టుకుని కూర్చున్నాము. ఆ గంట మాకు ఎంత నష్టం తెచ్చిందో కింద రాస్తాను.

ఇంత జరిగినా ఆ ప్రాంతం మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. స్నేక్‌లో 1613 నాటి నీటి ద్వారం కింద నిలబడినప్పుడు మా అమ్మ ముఖం నాకు ఇంకా గుర్తుంది. వౌడ్‌సెండ్‌లో వంతెన మనిషి గాలం కర్ర చివర కట్టిన చెక్క చెప్పును మా పడవ మీదికి దించితే, అందులో నాణేలు వేయడానికి పిల్లలు పోటీ పడ్డారు. (ఆ వంతెన రుసుముకు చిల్లర దగ్గర ఉంచుకోవాలని కూడా మీరు చెప్పలేదు, పక్క పడవవారు మాకు ఇచ్చారు.) గ్రౌ దగ్గర మేము నీటి మీద వెళ్తుంటే, పెద్ద రహదారి మా కిందుగా సొరంగంలో సాగిపోయింది. ఇన్ని ఉన్న చోట, ఏది ఎంతసేపు పడుతుందో తెలిసినవారు ప్రణాళిక వేసి ఉంటే ఆ వారం మాకు ఎలా ఉండేదో తలుచుకుంటేనే బాధ కలుగుతోంది.

ఇక నాకు అన్నిటికన్నా కష్టం కలిగించిన విషయం. మా నాన్నగారు నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా గోదావరి డెల్టా కాలువల మీదే గడిచింది. ధవళేశ్వరం ఆనకట్ట కింద కాలువల్లో పడవలు లాకులు దాటుతూ సరుకులు మోసిన రోజులు ఆయన చిన్నతనంలో కళ్ళారా చూసినవి. డిసెంబరు 14న మీకు రాసిన మెయిలులో నేను స్పష్టంగా కోరింది ఒక్కటే: తులిప్ పూలు చూడకపోయినా ఫరవాలేదు, లెమ్మర్‌లోని వౌడహెమాల్ ఆవిరి పంపింగ్ స్టేషన్‌ను నాన్నగారు లోపలికి వెళ్ళి చూడాలి. 1920లో మొదలైన ఆ స్టేషన్ 1998 నుండి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. ఫ్రీస్‌లాండ్‌లో నీరు హద్దు మీరినప్పుడు ఇప్పటికీ ఆవిరి పట్టించి దానితో నీరు తోడతారు. సముద్ర మట్టం కన్నా దిగువన ఇంత భూమి ఉన్న దేశం ఎలా నిలబడిందో ఆయనకు చూడాలని ఉండేది. మీ ప్రణాళికలో సోమవారం గడిలో "లెమ్మర్ – పంపింగ్ స్టేషన్ – 30 నిమిషాలు" అని రాశారు. అది ఏ రోజుల్లో, ఏ వేళల్లో తెరిచి ఉంటుందో రాయలేదు. ఐల్స్ట్‌లో పోయిన గంటతో మేము లెమ్మర్ చేరేసరికి సాయంత్రం ఆరయింది. తలుపులు మూసి ఉన్నాయి. గీథోర్న్‌లో రెండు రాత్రులకు రేవు బుకింగు చేశామని మీరు చెప్పినందున, అప్పటికే ఒక రాత్రి పోయిందని, మర్నాడు తెల్లవారగానే బయలుదేరాము. నాన్నగారు గట్టు మీద నిలబడి బయటి నుండి ఆ పొగగొట్టాన్ని చూసి వచ్చారు. ఒక్క మాట అనలేదు. ఆ తరువాత ఒస్సెన్‌జైల్ వైపు వెళ్ళే దారిలో లాకులోకి పడవ ప్రవేశించి, వెనక తలుపులు మూసుకుని, నీటి మట్టం మారుతుంటే, పిల్లలిద్దరినీ పక్కన కూర్చోబెట్టుకుని ఇదే పని మన కాలువల మీద ఎలా జరిగేదో అరగంటసేపు చెప్పారు. ఆయనకు దక్కింది అంతే. శుక్రవారం తిరుగు ప్రయాణంలో లెమ్మర్ దగ్గర నుంచే వెళ్ళాము గాని, సాయంత్రం ఐదింటికల్లా యార్డులో పడవ అప్పగించవలసి ఉండడంతో ఆగలేకపోయాము.

గీథోర్న్ విషయానికి వస్తే, "పడవ మీదనే ఊరి మధ్య నుండి ప్రయాణం" అని మీరు రాశారు. ఊరి మధ్య కాలువ సన్నగా, లోతు తక్కువగా ఉంటుంది. దాని మీద పొట్టి చెక్క వంతెనలు వరసగా ఉంటాయి. పదకొండున్నర మీటర్ల మా పడవ అందులోకి వెళ్ళడం అసాధ్యం. ఊరి వెలుపల పడవ కట్టి, శబ్దం చేయని చిన్న విద్యుత్ పడవలను అద్దెకు తీసుకుని తిరగడమే అక్కడి పద్ధతి. మేమూ అదే చేశాము, డబ్బు మళ్ళీ పెట్టి. రేవులో మాకు స్థలం ఉందా అని అడిగితే, రేవు అధికారి తన పుస్తకం తిరగేసి మా పేరుతో గాని, మీ సంస్థ పేరుతో గాని ఏ బుకింగూ లేదన్నారు. మే 29 గురువారం క్రీస్తు ఆరోహణ దినం, అక్కడ ప్రభుత్వ సెలవు. ఆ వారాంతమంతా డచ్చివారు సొంత పడవలు తీసుకుని బయటికి వస్తారు కాబట్టి బుధవారం సాయంత్రానికే రేవులు నిండిపోయాయి. ఆ రాత్రి చీకటిపడే వేళకు పొలాల పక్కన ఒక గట్టుకు పడవ కట్టుకున్నాము. ఫ్రీస్‌లాండ్‌లో మారెక్రీతె సంస్థ ఊళ్ళ బయట ఏర్పాటు చేసిన రేవుల్లో మూడు రోజుల వరకు ఉచితంగా పడవ కట్టుకోవచ్చని కూడా యార్డువారే చెప్పారు. ఆది, గురువారాలు అలాగే గడిపాము. మరి రేవు బుకింగుల పేరుతో మీరు తీసుకున్న 31,500 రూపాయలు ఎవరికి చెల్లించారో రసీదులతో చూపించాలి.

ఐసెల్‌మేర్ మీదుగా ఆమ్‌స్టర్‌డామ్ ప్రయాణం అసలు జరిగేదే కాదు. అది 1932లో అడ్డుకట్ట పూర్తయ్యేదాకా సముద్రపు పాయ. ఇప్పుడు మంచినీటి సరస్సే అయినా, గాలి లేస్తే అలలు కాలువ పడవ తట్టుకునేవి కావు. మా అద్దె ఒప్పందంలో ఆ సరస్సులోకి పోరాదని రాసి ఉంది; ఆ ఒప్పందం ప్రతిని జనవరిలోనే మీకు పంపాను. కోకెన్‌హాఫ్ ఈ ఏడాది మే 11న మూతపడింది. మే 29న అక్కడ ప్రవేశానికి మీరు మాకు రుసుము ఎలా వేశారో నాకు అంతుపట్టలేదు. అలాగే "పడవ నడిపే లైసెన్సు సహాయం" పేరుతో 24,000 తీసుకున్నారు. పొడవు 15 మీటర్లకు లోపు ఉండి, గంటకు 20 కిలోమీటర్లకు మించి పోలేని పడవకు ఆ దేశంలో లైసెన్సు అక్కరలేదు. అక్కరలేని దానికి సహాయం ఏమి చేశారు?

కనుక లైసెన్సు పేరుతో తీసుకున్న 24,000, రేవుల పేరుతో తీసుకున్న 31,500, కోకెన్‌హాఫ్, ఆమ్‌స్టర్‌డామ్ టికెట్ల పేరుతో తీసుకున్న 38,400, ప్రణాళిక రుసుము 45,000, మొత్తం 1,38,900 రూపాయలు ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా నా ఖాతాకు తిరిగి జమ చేయవలసిందిగా కోరుతున్నాను. జూన్ 18న మీరు రాసిన మాటను లిఖితపూర్వకంగా ఉపసంహరించుకోవాలి. ఇదే ప్రణాళికను, ఇవే 50 నిమిషాలతో, వచ్చే వేసవి కోసం మీ కరపత్రంలో మళ్ళీ అచ్చు వేశారు. దాన్ని వెంటనే ఆపి, పడవ వేగం, వంతెనల వేళలు, ఎత్తులు తెలిసినవారి చేత తిరిగి రాయించాలి. మా తరువాత వెళ్ళే కుటుంబాల్లోనూ మా నాన్నగారి వయసువారు ఉంటారు.

గడువులోగా జవాబు రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద మా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేస్తాను. మీ ప్రణాళిక, రసీదులు, డిసెంబరు 14 నాటి నా మెయిలు, పడవ అద్దె ఒప్పందం, యార్డువారు సంతకం చేసి ఇచ్చిన కాగితం ప్రతులను ఈ లేఖకు జత చేశాను.

భవదీయురాలు,
(సంతకం)