సినిమాకి రాసినట్టే గేమ్ కి కూడా రివ్యూ రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ పేపర్లో కొత్తగా వచ్చిన ఒక క్రికెట్ వీడియో గేమ్ గురించి అర పేజీ వేశారు, చదివాను. స్టేడియం మెరిసిపోతోంది, ఆటగాళ్ళ మొహం మీద చెమట కూడా కనిపిస్తోంది, టీవీలో మ్యాచ్ చూస్తున్నట్టే ఉంది అని రాశారు. ఆ గేమ్ పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే నా గొడవ ఆ కంపెనీతో కాదు మీతో. మా వాడు ఇంటర్ సెకండియర్, ఆ ఐటెం కట్ చేసి ఫ్రిజ్ మీద అంటించి నాలుగు రోజులు నా ప్రాణం తీసి దగ్గర దగ్గర మూడు వేలు పెట్టించి కొనిపించాడు. కొన్నాక చూస్తే చెమట నిజమే, కాదనను, బాల్ మాత్రం వికెట్ కీపర్ పొట్టలోంచి దూరి బౌండరీకి పోతోంది. బైస్ నాలుగు. కీపర్ ఏమో క్యాచ్ పట్టేసినట్టు చేతులు పైకెత్తి గెంతుతున్నాడు.

అది రాసినాయన గేమ్ ఆడి రాశారా లేకపోతే కంపెనీ వాళ్ళు పంపిన కాగితాన్ని తెలుగులో పెట్టి వేసేశారా అని నా అనుమానం, తప్పయితే క్షమించండి. సినిమా రిలీజైతే మార్నింగ్ షో వదిలేసరికి సెకండాఫ్ సాగదీశారు, పాటలు అడ్డం అని రాసేస్తారు కదా, రెండొందల టికెట్ కే జనానికి అంత జాగ్రత్త చెప్పేవాళ్ళు మూడు వేల సరుకు గురించి ఎందుకు చెప్పరు? నేను అడిగేది ఇదే, మిగతాది ఎందుకు అడుగుతున్నానో చెప్పుకోవడం, కొంచెం పొడుగవుతాది, మీ ఇష్టం వచ్చిన చోట కత్తిరించుకోండి.

నేను 2006 చివర్లో గాజువాకలో నెట్ సెంటర్ పెట్టి ఆరేళ్ళు నడిపాను. ఇప్పుడు అదే షాపులో జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్లు. అప్పట్లో ఎనిమిది సిస్టమ్స్, గంటకి 15 రూపాయలు, బోర్డు మీద ఇంటర్నెట్ అని రాసుండేది గానీ సాయంత్రం నాలుగు దాటితే ఎనిమిదింట్లో ఆరు సిస్టమ్స్ మీద క్రికెట్ 07 అనే గేమ్ ఆడుతుండేది. ఈఏ స్పోర్ట్స్ అనే గేముల కంపెనీ వాళ్ళది, 2006 నవంబర్లో వచ్చింది, చేసింది మాత్రం కెనడాలో నోవా స్కోషియాలో ఉండే హెచ్‌బీ స్టూడియోస్ అనే కంపెనీ. మంచు గడ్డలు పడే ఊళ్ళో కూర్చుని వాళ్ళు చేసిన క్రికెట్ ని మా కుర్ర గుంటలు ఏప్రిల్ ఉక్కపోతలో ఒక్క ఫ్యాన్ కింద బనీన్లు తడిసిపోయేలా ఆడేవారు. కీబోర్డుల మీద బాణం గుర్తులు అరిగి తెల్లగా అయిపోతే నేను స్కెచ్ పెన్నుతో మళ్ళీ గీసేవాణ్ణి, రెండు రోజుల్లో అవీ పోయేవి.

అసలు అది ఇంగ్లండ్, ఆస్ట్రేలియా ఆడుకునే యాషెస్ సిరీస్ ఆ ఏడు జరుగుతుంటే దానికోసమని చేసిన గేమ్. ఇంగ్లండ్ వాళ్ళకీ ఆస్ట్రేలియా వాళ్ళకీ పేర్లు డ్రెస్సులు అన్నీ పద్ధతిగా ఉంటాయి, మన టీంకి లైసెన్స్, అంటే అసలు పేర్లు వాడుకునే అనుమతి, లేదు కాబట్టి మన వాళ్ళ పేర్లు వంకరటింకరగా మార్చి పెట్టారు. ఒక పాలిటెక్నిక్ కుర్రాడు ఉండేవాడు, ఒకరోజు గంటకి డబ్బులు కట్టి సిస్టం ముందు కూర్చున్నాడు, ఒక్క మ్యాచ్ ఆడలేదు, జేబులోంచి పెన్ డ్రైవ్ తీసి అందులోంచి ఏదో ఫైలు వేసి, ఇంకా తప్పులున్న పేర్లు ఒక్కొక్కటీ వెతికి సరిచేస్తూ గంటా అయిపోగొట్టాడు. ఏట్రా ఇది అంటే "సచిన్ పేరు తప్పుంటే చేతులు ఆడట్లేదు అన్నా" అన్నాడు. ఆ 15 రూపాయలు నేను వెనక్కిచ్చేశాను. ఆ తర్వాత ఆ ఫైలు ఎనిమిది సిస్టమ్స్ లోకీ కాపీ చేయించుకున్నాననుకోండి, అది వేరే సంగతి.

మన విశాఖ పీఎం పాలెం స్టేడియం కోసం కూడా గేమ్ లో వెతికేవారు. 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్ మీద ధోనీ 123 బాల్స్ లో 148 కొట్టిన గ్రౌండ్ అది, అప్పటికి ఏడాదిన్నరే అయింది, ఆ మ్యాచ్ కి గోడ పక్కన నిలబడి కేకలు మాత్రమే విన్నవాళ్ళు కూడా చూశామనే చెప్పుకునేవారు. గేమ్ లో ఆ గ్రౌండ్ లేదు. ఏదో ఒక గ్రౌండ్ తీసుకుని ఇదే పీఎం పాలెం అనుకుని పాకిస్తాన్ ని పెట్టుకుని 148 దాటడానికి పోటీలు. దాటడం ఏం కష్టం కాదు, ఆ గేమ్ లో కాస్త అలవాటైతే ప్రతి బాలూ సిక్స్ వెళ్ళిపోతాది, అందుకని మా షాపులో ఓవర్ కి రెండు సిక్సులే అని రూల్ పెట్టుకున్నారు, మూడోది కొడితే అవుట్. గోడ మీద రాసి పెట్టారు కూడా.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి, నా దగ్గరున్నది అసలు సీడీ కాదు, ఇక్కడ జగదాంబ సెంటర్ దగ్గర ఫుట్‌పాత్ మీద 50 రూపాయలకి కొన్నది. మన వాళ్ళు డబ్బులు పెట్టి కొనరు కాబట్టే మంచి క్రికెట్ గేమ్ రాలేదు అని మీ ఐటెంలో కూడా ఒక లైను ఉంది. సగం నిజమే. ఈఏ వాళ్ళు 07 తర్వాత మళ్ళీ కంప్యూటర్ కి క్రికెట్ గేమే తీసుకురాలేదు. కానీ రెండో సగం కూడా రాయాలి కదండీ, ఆ గేమ్ వచ్చినప్పటికి ఐపీఎల్ పుట్టనే లేదు, 2008లో ఐపీఎల్ మొదలవగానే జెర్సీలు, టీములు, బ్యాట్ స్టిక్కర్లతో సహా ఎవరెవరో కుర్రాళ్ళు కూర్చుని చేసి ఊరికే ఇచ్చేశారు, ఇప్పటికీ ఆ ముసలి గేమ్ కి కొత్త జెర్సీలు తొడిగేవాళ్ళు ఉన్నారు. పైసా జీతం లేదు వాళ్ళకి. దొంగ సీడీ తప్పే, దాని మీద ఈ కుర్రాళ్ళు పడ్డ కష్టం మాత్రం దొంగది కాదు.

క్రికెట్ గేమ్ చెయ్యడం తేలిక కాదని నాకూ తెలుసు, ఆరేళ్ళు వాళ్ళ భుజాల మీదుగా చూశాను కదా. ఫుట్‌బాల్ గేమ్ లో బంతి అలా తిరుగుతూనే ఉంటాది, ఒక తప్పు జరిగినా ఆటలో కలిసిపోతాది. క్రికెట్ లో ప్రతి బాలూ ఒక కొత్త మ్యాచ్. ఫాస్ట్ బౌలర్ చేతిలోంచి అర సెకనులో బాల్ వచ్చేస్తాది, ఆ అర సెకనులో కాలు కదలాలి, బ్యాట్ రావాలి, అంచు తగిలితే ఎటు ఎంత స్పీడులో పోవాలో లెక్క కట్టాలి, వెంటనే పదకొండు మంది ఫీల్డర్లలో ఎవడు పరిగెత్తాలో ఎవడు ఆగాలో ఏ ఎండ్ కి విసరాలో తేల్చుకోవాలి, అటు బ్యాట్స్‌మన్లు ఇద్దరికీ రన్ ఉందో లేదో తెలియాలి. ఇవన్నీ ఒకెత్తు, కంప్యూటర్ కెప్టెన్ కి బుర్ర పెట్టడం ఒకెత్తు. ఇంత చేసినా టీవీకి కన్సోల్ అనే గేమ్ పెట్టె తగిలించుకుని పూర్తి రేటు పెట్టి కొనే జనం ఎక్కువ ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల్లో ఉంటారు, అందుకే చూడండి ఎప్పుడూ యాషెస్ పేరే.

ఆ యాషెస్ పేరుతోనే 2013లో ఒకటి వచ్చింది, యాషెస్ క్రికెట్ 2013, ట్రిక్‌స్టార్ అనే మెల్‌బోర్న్ కంపెనీ చేస్తే 505 గేమ్స్ వాళ్ళు అమ్మారు. అప్పటికి నేను షాపు మార్చేసినా ఆసక్తి పోక చూసేవాణ్ణి. ఆ జూన్ లో రావాల్సింది, వాయిదాల మీద వాయిదాలు పడి నవంబర్లో బ్రిస్బేన్ లో అసలు సిరీస్ మొదలయ్యే వేళకి పీసీ మీద వదిలారు. వదిలిన గంటల్లో వీడియోలు, ఫీల్డర్లు బాల్ ని వదిలేసి వేరే పక్కకి పరిగెట్టేయడం, చూసి పొట్ట చెక్కలైపోయింది. కొద్ది రోజులకే అమ్మకం ఆపేసి, గేమే రద్దు చేసి కొన్నవాళ్ళకి డబ్బులు వెనక్కిచ్చారు. కన్సోల్ మీద అసలు రానేలేదు. సినిమా అయితే డిజాస్టర్ అని మొదటి పేజీలో బాక్స్ కట్టి వేసేవారు మీరు.

తర్వాత ఏడాది ఏప్రిల్లో అదే మెల్‌బోర్న్ నుంచి బిగ్ యాంట్ వాళ్ళది డాన్ బ్రాడ్‌మన్ క్రికెట్ 14 వచ్చింది, పెద్ద లైసెన్సులేం లేవు, కానీ ఆటగాళ్ళని మీరే తయారు చేసుకుని అందరితో పంచుకోండి అని ఆ పనిముట్టే జనం చేతికిచ్చారు. అంటే మా పాలిటెక్నిక్ కుర్రాడు పెన్ డ్రైవ్ తో చేసిన పనే! చేతిలో పట్టుకునే కంట్రోలర్ మీద ఒక స్టిక్ తో కాలు, ఇంకో స్టిక్ తో షాట్, మొదట్లో సున్నాకి అవుటవుతూనే ఉంటాం, ఓవర్ కి ఆరు సిక్సుల సరదా తీరిపోతాది, నాకైతే అదే నచ్చింది. హుద్‌హుద్ తుఫానులో మా ఇంట్లో నీళ్ళు చేరి ఆ సిస్టం పోయింది, మళ్ళీ కొనలేదు.

ఆ బిగ్ యాంట్ వాళ్ళదే క్రికెట్ 22 సంగతి కూడా గుర్తుండే ఉంటాది, 2021 నవంబర్లో కవర్ మీద బొమ్మ ఉన్న టిమ్ పెయిన్ ఆస్ట్రేలియా కెప్టెన్సీకి రాజీనామా చేస్తే కవర్ మార్చడానికి రిలీజ్ ఒక వారం జరిపి డిసెంబర్ 2న వదిలారు. 2023లో క్రికెట్ 24 వచ్చిన రోజు అక్టోబర్ 5, సరిగ్గా మన దేశంలో వరల్డ్ కప్ మొదలైన రోజు, కొన్ని ఐపీఎల్ టీములు ఉన్నాయి గానీ ఇండియా టీంకి మాత్రం లైసెన్స్ లేదు. పెళ్ళి మనింట్లో, శుభలేఖ మీద మన పేరు లేదు. ఇదేదో క్రికెట్ కి పట్టిన దరిద్రం మాత్రమే అనుకోకండి, అంత పేరున్న కొనామీ వాళ్ళ ఈఫుట్‌బాల్ అనే గేమ్ 2021 సెప్టెంబర్ ఆఖర్లో వచ్చినప్పుడు మొహాలు చూసి జనం భయపడ్డారు, కంపెనీ క్షమాపణ చెప్పుకుంది.

ఫోన్ లో అయితే మన వాళ్ళు చేసినవే ఉన్నాయి, చెన్నై నెక్స్ట్‌వేవ్ వాళ్ళ వరల్డ్ క్రికెట్ ఛాంపియన్‌షిప్, పూణేలో నాటిలస్ వాళ్ళ రియల్ క్రికెట్. మా షాపు ముందు ఆటో స్టాండులో బేరం లేనప్పుడు అందరి చేతుల్లో అవే. వాటి గురించి మీ పేపర్లో ఒక్క ముక్క కూడా నేను చూడలేదు.

మా వాడి గేమ్ దగ్గరికి వస్తాను. నచ్చకపోతే డబ్బులు వెనక్కి అడగొచ్చు, కంప్యూటర్ గేములు ఆన్‌లైన్లో అమ్మే స్టీమ్ లో కొంటే 14 రోజుల లోపు, ఆడింది రెండు గంటలు దాటకూడదు. ఇది మీ ఐటెంలో ఒక్క లైను రాసుంటే మాకు మూడు వేలు మిగిలేవి. డౌన్‌లోడ్ కి ఒక రాత్రంతా పట్టింది, పొద్దున్నే లేచి మా వాడు తన బొమ్మ తనే చేసుకోవాలని ముక్కు దిద్దుకోవడానికే గంటన్నర పోగొట్టాడు, వాళ్ళమ్మ వచ్చి ముక్కు నాన్నది, నీది కాదు అంటే మళ్ళీ మొదలు. మొదటి మ్యాచ్ లో కీపర్ పొట్టలోంచి బాల్ దూరేటప్పటికి రెండు గంటలు దాటిపోయింది. తప్పులు సరిచేసే ప్యాచ్ వస్తాది ప్యాచ్ వస్తాది అంటున్నారు. గోడలు కట్టకుండా గృహప్రవేశం చేయించి, పూజ అయ్యాక తాపీ మేస్త్రిని పంపిస్తామంటే ఎలాగండీ.

అందుకే మీరు ఈసారి గేమ్ గురించి రాస్తే గ్రాఫిక్స్ నాకొద్దు, అవి ట్రైలర్ లో కనిపిస్తాయి. ఫీల్డర్ కి బాల్ దొరుకుతోందా, మామూలు లాప్‌టాప్ మీద ఆగకుండా నడుస్తోందా, సేవ్ చేసింది మర్నాటికి ఉంటోందా, మన వాళ్ళ పేర్లు సరిగ్గా ఉన్నాయా, ఇవి రాయండి. రాసేవాళ్ళు లేరు అంటే మా షాపుకి పంపండి, కుర్చీ వేస్తాను, టీ ఇప్పిస్తాను, పక్కనే ముగ్గురు గుంటలు కూర్చుని ఏది తప్పో చెబుతారు.

సేవ్ అని ఎందుకన్నానంటే, మా వాడు కెరీర్ మోడ్ లో, అంటే ఒక్క ఆటగాణ్ణే మొదట్నుంచీ పెంచుకుంటూ ఆడే దాంట్లో, రంజీ లాంటి మ్యాచ్ లో 94 నాటౌట్ మీద ఆపి అన్నానికి లేచాడు. తిరిగొచ్చేసరికి ఆ ఫైలే లేదు. రెండు రోజులు ఎవరితో మాట్లాడలేదు. ఇప్పుడు కొత్త ముక్కుతో మళ్ళీ మొదలెట్టాడు, ఇది రాసే టైంకి 23 మీద ఉన్నాడు, లేవమంటే లేవట్లేదు.

ఇట్లు,
ఒక పాత నెట్ సెంటర్ ఓనర్,
గాజువాక, విశాఖపట్నం