నాదని చూపించుకోవడానికి ఒక్క ఫొటో లేదు

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టు 19న ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం సందర్భంగా మీరు వేసిన పేజీ చదివాను. కొత్త కెమెరాల గురించి, బహుమతులు వచ్చిన ఫొటోల గురించి బాగా రాశారు. కెమెరా చేతిలో ఉండి కూడా నొక్కబుద్ధి కానివాళ్ల గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. నేను పది నెలలు అలా ఉన్నాను. అందుకే ఈ ఉత్తరం.

పద్నాలుగేళ్లుగా పాతబస్తీ పెళ్లిళ్లలో ఆడవాళ్ల వైపు ఫొటోలు తీస్తున్నాను. చాలా ఇళ్లలో అటు మగ ఫొటోగ్రాఫర్లను రానివ్వరు. మంఝా, సాంచక్, నికా, వలీమా అని మా ముస్లిం పెళ్లిళ్లలో జరిగే వేడుకలన్నీ కలిపి ఒక్కో పెళ్లికి నాలుగు వేల ఫొటోలు దాటతాయి. అందులోంచి ఆరు వందలు ఏరి, ఆల్బమ్ చేయించి, హార్డ్ డిస్క్‌తో సహా వాళ్ల చేతికిచ్చి, నా దగ్గరున్న కాపీలు చెరిపేస్తాను. అది వాళ్లకు ఇచ్చిన మాట. ఎప్పుడూ తప్పలేదు, తప్పను కూడా. కానీ ఇన్నేళ్ల పని తర్వాత ఇదిగో నేను తీసింది అని చూపించుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఈ పని నాతో మొదలైంది కాదు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లోనే హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసం విడిగా జనానా స్టూడియో తెరిచారు. చుట్టూ ఎత్తైన గోడలు, మగవాళ్లకు ప్రవేశం లేదు. దాన్ని నడిపింది కెన్నీ లెవిక్ అనే దొరసాని. దీన్‌దయాళ్ పేరు మన నగరంలో చాలామందికి తెలుసు. ఆ గోడల లోపల కెమెరా పట్టుకుని నిలబడ్డ ఆవిడ పేరు ఎంతమందికి తెలుసు? ఆ సంగతి మొదటిసారి చదివిన రోజు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

మొహర్రం నెలలో మావైపు పెళ్లిళ్లు ఉండవు. కాస్త ఖాళీ దొరుకుతుంది కదా, ఇప్పుడు నా కోసం నేను తీసుకుందాం అనుకున్నాను. తెల్లవారుజామున చార్మినార్ దగ్గరికి వెళ్లాను. పావురాలు, ఇరానీ చాయ్ పొగ, తోపుడుబండ్లు... ఎటు చూసినా అప్పటికే ఎవరో తీసేసిన ఫొటోలాగే కనిపించింది. ఒక్కటీ తియ్యకుండా ఇంటికి వచ్చేశాను. లెన్స్ మారిస్తే దారికొస్తుందేమోనని ఈఎంఐ మీద 85 ఎంఎం లెన్స్ కొన్నాను. అదీ అలమరాలోనే ఉండిపోయింది. ఇంట్లోవాళ్లు బద్ధకం అనుకున్నారు. అది బద్ధకం కాదండీ. బద్ధకమైతే రాత్రిళ్లు నిద్ర పట్టేది.

లాడ్ బజార్ వెనక సందులో లక్క గాజులు చేసే ఒకావిడ నాకు పెళ్లిళ్ల ద్వారా పరిచయం. ఒకరోజు ఊరికే వెళ్లి కూర్చున్నాను. చిన్న గది, బొగ్గుల పొయ్యి, వేడెక్కిన లక్క వాసన. మెత్తబడిన లక్కను పలక మీద దొర్లించి తాడులా సాగదీసి, గుండ్రంగా వంచి అతికిస్తుంది. వేడి తగ్గేలోపే రాళ్లు ఒక్కొక్కటిగా అద్దేయాలి. చూపు తిప్పదు. వేళ్ల కొసలు కాలి కాలి నున్నబడిపోయాయి, ఫోన్ లాక్ కూడా ఆ వేలికి తెరుచుకోదట. కెమెరా బయటికి తీస్తుంటే, "చెహరా నక్కో బేటీ, హాతాఁ లేలో" అంది. ముఖం వద్దు, చేతులు తీసుకో అని.

పది నెలల తర్వాత ఆ రోజు తీశాను. ముఖం లేకపోవడమే నాకు మేలు చేసింది. పెళ్లిలో నాకు కావలసింది నవ్వే ముఖం. అది దొరకగానే నొక్కేసి ముందుకు వెళ్లిపోతాను. ఇక్కడ పట్టుకోవడానికి అదేమీ లేదు కాబట్టి ఆగి చూడక తప్పలేదు. కిటికీ వెలుగు ఆ గోళ్ల మీద ఎలా పడుతోందో, రాయి అద్దే ముందు బొటనవేలు ఎంతసేపు ఆగుతోందో చూశాను. చూడడం మొదలయ్యాక చెయ్యి దానంతట అదే కదిలింది.

అప్పటినుంచి వారానికి రెండుసార్లు అక్కడికే వెళ్తున్నాను. 50 ఎంఎం లెన్స్ ఒక్కటే పట్టుకెళ్తాను. మా నాన్న స్టూడియోలో రీలుకు 36 ఫొటోలే కాబట్టి నేనూ 36తో ఆపేస్తాను. తీసింది వెంటనే చూసుకోకుండా కెమెరా వెనక తెర మీద నల్ల టేపు అంటించాను. ఇది నాకు బాగా పనికొచ్చింది, ఎవరైనా ప్రయత్నించవచ్చు. ఇంటికొచ్చాక నచ్చిన ఒక్కదాన్ని ప్రింట్ వేయించి, మరుసటిసారి ఆవిడకు ఇస్తాను. కొన్ని రోజులు 36లో ఒక్కటీ నిలవదు. అయినా మళ్లీ వెళ్తాను.

మీకు నా మనవి ఒకటే. పెళ్లిళ్లు, పాస్‌పోర్ట్ ఫొటోలు, ఫంక్షన్లతో బతికే ఫొటోగ్రాఫర్లు ఈ నగరంలో ఎంతోమంది ఉన్నారు. వాళ్లు తమకోసం తీసుకున్న ఫొటో ఒక్కటి వారం వారం మీ ఆదివారం సంచికలో వేయండి. పోటీ వద్దు, బహుమతి వద్దు. పక్కన నాలుగు వాక్యాలు రాయనివ్వండి, చాలు. మొదటిదిగా ఆ గాజుల చేతుల ఫొటో పంపుతున్నాను. ఆవిడను అడిగే పంపుతున్నాను.

నా పేరు మాత్రం ప్రచురించవద్దు. నేను పనిచేసే ఇళ్లవాళ్లు ఇబ్బంది పడకూడదు.

- ఒక ఫొటోగ్రాఫర్, సైదాబాద్, హైదరాబాద్