వార్షిక నివేదిక: ఈ ఏడాది మన ఆటబల్ల, మన ఉక్కన్న

గౌరవ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారం. వారాంతపు సెషన్లు పరీక్షల రోజుల్లో తప్ప ఎప్పుడూ ఆగలేదు. పాత క్యాంపెయిన్ (నెలల తరబడి సాగే కథ) ముగిసి కొత్తది మొదలైంది. జమాఖర్చులు సరిచూడటం పూర్తయింది, ప్రతి సభ్యుడికీ నకలు అందింది. ఇక ఈ ఏడాది అందరూ గుర్తుపెట్టుకున్నది ఉక్కన్నను, మన ఆటలోని ఆర్టిఫిసర్ పాత్ర వెంట తిరిగే యంత్రపు కుక్కను. అందుకే ఈసారి నివేదికలో పెద్ద భాగం దానికే ఇస్తున్నాం.

కొత్తగా చేరినవారి కోసం కాస్త వివరం. మనం ఆడేది డంజియన్స్ అండ్ డ్రాగన్స్, అంటే తలా ఒక పాత్ర పట్టి, డైస్ వేస్తూ కథ నడిపే ఆట. ఆట పుట్టింది 1974లో, మన బల్ల మీద నడిచేది 5వ ఎడిషన్. అందులో ఆర్టిఫిసర్ అంటే మంత్రాన్ని యంత్రాల్లోకి ఎక్కించే పనివాడు. 3వ లెవెల్‌లో బ్యాటిల్ స్మిత్ దారి పట్టినవాడికి స్టీల్ డిఫెండర్ అనే లోహపు తోడు దొరుకుతుంది. అది ఎలా ఉండాలో, రెండు కాళ్లో నాలుగో, ఆటగాడే తేల్చుకోవచ్చు. మనవాడు కుక్క కావాలన్నాడు. ఇప్పుడు ఆర్టిఫిసర్‌ది 5వ లెవెల్, ఇంటెలిజెన్స్ (తెలివి) 18. ఆ లెక్కన ఉక్కన్నకు 31 హిట్ పాయింట్లు (ఎన్ని దెబ్బలు తట్టుకోగలదో చెప్పే లెక్క), ఆర్మర్ క్లాస్ (దాన్ని కొట్టడం ఎంత కష్టమో చెప్పే అంకె) 15. విషం ఎక్కదు, అలసట రాదు. యజమానికి వచ్చిన భాషలన్నీ అర్థమవుతాయి కానీ తనకు మాట రాదు.

దాని విశ్వాసమంతా ఆట నియమాల్లోనే ఉంది. పక్కన 5 అడుగుల్లో ఉన్న శత్రువు దాడి చేస్తే అది రియాక్షన్ (తన వంతు కానప్పుడు చేసే ఎదురుచర్య) వాడి అడ్డుపడగలదు, ఆ దాడికి డిసడ్వాంటేజ్ వస్తుంది, అంటే రెండు డైస్ వేసి చిన్నది తీసుకోవాలి. అయితే దెబ్బ వేరొకరి మీదికి వస్తేనే. తనను తాను కాచుకోవడానికి ఆ రియాక్షన్ పనికిరాదు. యజమాని బోనస్ యాక్షన్‌తో (వంతులో దొరికే అదనపు చిన్న చర్య) ఆజ్ఞ ఇవ్వకపోతే తన వంతులో డాడ్జ్ (దెబ్బలు తప్పించుకోవడం) మాత్రమే చేస్తుంది. యజమాని స్పృహ తప్పితే మాత్రం ఏ ఆజ్ఞా అక్కర్లేదు, ఏ యాక్షన్ అయినా తనే ఎంచుకుంటుంది.

వంతెన మీద జరిగిన పోరులో ఇదంతా కళ్లారా చూశాం. ఆర్టిఫిసర్ 0 హిట్ పాయింట్లతో పడిపోయాడు. మీదికి ఓగర్ అనే భారీ రాక్షస జీవి గద ఎత్తింది. స్పృహ లేనివాడి మీద దాడికి రెండు డైస్ వేసి పెద్దది తీసుకోవచ్చు, దాన్నే అడ్వాంటేజ్ అంటారు. అంత దగ్గర నుంచి తగిలితే అది క్రిటికల్ (మామూలు కంటే గట్టి దెబ్బ), ఒకే దెబ్బకు రెండు డెత్ సేవ్‌లు (చావుబతుకులను తేల్చే డైస్) పోయినట్టే. ఉక్కన్న అడ్డుపడగానే ఓగర్‌కున్న అడ్వాంటేజ్ చెల్లిపోయింది, డీఎం (డంజియన్ మాస్టర్, ఆటను నడిపేవారు) ఒక్క డైసే వేయాల్సి వచ్చింది. 7 పడింది. దెబ్బ తప్పింది. ఆ వెంటనే రెండో ఓగర్ కుక్క మీద పడింది. అప్పటికే దెబ్బలు తిని ఉన్న ఉక్కన్న ముక్కలైంది.

పోరు ముగిసి, క్లెరిక్ (గాయాలు మాన్పే పూజారి పాత్ర) ఆర్టిఫిసర్‌ను లేపాక అసలు చర్చ మొదలైంది. ఉక్కన్న కూలిన గంటలోపు కమ్మరి పనిముట్లు పట్టుకుని ఒక స్పెల్ స్లాట్ (మంత్రం వేయడానికి ఉన్న ఒక అవకాశం) ఖర్చుపెడితే, నిమిషంలో పూర్తి హిట్ పాయింట్లతో లేస్తుంది. ఆర్టిఫిసర్ దగ్గర మిగిలింది ఒకే ఒక్క స్లాట్. దాన్ని గాయపడిన ఫైటర్ (యోధ పాత్ర) కోసం దాచాలని ముందే అనుకున్నాం. తెల్లవారేదాకా ఆగితే లాంగ్ రెస్ట్ (రాత్రంతా తీసుకునే విశ్రాంతి) తర్వాత కొత్త డిఫెండర్‌ను ఎలాగూ చేసుకోవచ్చు, స్లాట్ దండగ అన్నవాళ్లూ ఉన్నారు. నియమం ప్రకారం ఆ మాట సరైనదే. కానీ కొత్తది ఉక్కన్న కాదు కదా! చివరికి ఫైటర్ ఆడుతున్న సభ్యురాలే, చేరి నెలలైనా కాలేదు, "నా గాయం ఆగుతుంది, ముందు కుక్కను లేపండి" అంది. ఎవరూ కాదనలేదు. ఈ ఏడాది సంఘానికి జరిగిన మంచి ఇదేనని కార్యవర్గం అభిప్రాయం.

ఒక ఫిర్యాదు మాత్రం వచ్చింది. ఒకే ఆటగాడికి రెండు వంతులు పడుతుంటే మిగతావాళ్ల సమయం తగ్గుతోందని. అది న్యాయమైన మాట. అప్పటినుంచి ఉక్కన్న డైస్‌ను సభ్యులు వంతులవారీగా వేస్తున్నారు, ఆజ్ఞ మాత్రం ఆర్టిఫిసర్‌దే. నలుగురిలో మాట్లాడటానికి బిడియపడే ఒక సభ్యుడు ఆ పని అడిగి మరీ తీసుకున్నాడు. కుక్కకు సంభాషణలు ఉండవు, ఏం చేస్తుందో చెబితే చాలు. గత కొన్ని సెషన్లుగా అతను సొంత పాత్రతో కూడా ఆడుతున్నాడు.

వచ్చే ఏడాది కొత్తవారి కోసం 1వ లెవెల్ నుంచి వేరే బల్ల మొదలుపెడుతున్నాం. దానికి ఒక డీఎం కావాలి. పాత మ్యాపులు ఇళ్లలో ఉంచుకున్నవారు తెచ్చివ్వండి. ఉక్కన్న క్యారెక్టర్ షీట్ (పాత్ర వివరాల కాగితం) తుడిచి తుడిచి చిరిగిపోయింది, చేతిరాత బాగున్నవారు ఎవరైనా కొత్తది రాసిపెట్టాలని మనవి.

— కార్యదర్శి